ఖాళీ కుర్చీకి మూడు ముక్కలు

పోయిన వారం మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వచ్చి గేమ్ థియరీ లెక్కొకటి నా ముందు పెట్టింది. అవతలివాడు తన ముక్కలు చూసుకోకుండానే ఆడుతుంటే ఇవతలివాడు ఏం చెయ్యాలన్నది ప్రశ్న. జవాబు నాకు తెలుసు. సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో మా పాత ఇంట్లో, వంటింటి పక్కనున్న బల్ల దగ్గర నేర్చుకున్నాను. చెబుతూ మాత్రం నాకు తెలియకుండానే పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూశాను. "ఇట్స్ జస్ట్ మ్యాథ్స్, అమ్మా," అంది అది నా మొహం చూసి.

మా మావగారు యూనిలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైన మనిషి. నేను కొత్తకోడలిగా సిడ్నీలో దిగిన నెలలోనే, కామర్స్ చదివి సంభావ్యత రాదంటావేమిటని శనివారం మధ్యాహ్నాలు మూడు ముక్కలాటకి కూర్చోబెట్టారు. పందెం శనగగింజలు. జత ఇంచుమించు ఆరు ఆటల్లో ఒకసారి పడుతుందనీ, అన్నిటినీ కొట్టేలా మూడూ ఒకే అంకె రావాలంటే నాలుగువందల పాతిక ఆటల్లో ఒకసారనీ, శనగలు పోగొట్టుకుంటూ నేర్చుకున్నాను. చేతిలో పస లేకపోయినా ఉన్నట్టు కూర్చుని అవతలివాళ్లని తరిమెయ్యడం కూడా ఆయనే నేర్పారు. ఆ విద్య మా అత్తగారి దగ్గర మాత్రం పారేది కాదు. ఆవిడ ముక్కలు చూసేవారే కాదు, ఎప్పుడూ బ్లైండే. ఒళ్లో గోంగూర తుంచుకుంటూ, వంతు రాగానే ఒక గింజ ముందుకు తోసేవారు. చూస్తే ఆశో భయమో పుడుతుంది, నాకెందుకమ్మా అనేవారు. సగం ఆటలు ఆవిడవే. మావగారు ఉడుక్కునేవారు.

ఆవిడ పోయి, కర్మలన్నీ అయ్యాక రెండో శనివారం మావగారు మళ్లీ పేక తీశారు. నాకు మూడు, మా ఆయనకి మూడు, తనకి మూడు, ఆవిడ కుర్చీ ముందు మూడు. మా ముక్కలు మేం ఎత్తుకున్నాం. ఆవిడ వంతు వచ్చినప్పుడల్లా ఆయనే గింజ తోసేవారు, ముక్కలు బోర్లాగానే ఉండేవి. కుర్చీ గెలవడం మొదలుపెట్టింది. ఒక శనివారం, మరో శనివారం, ఆ పై శనివారం. గింజలన్నీ అటే చేరుతున్నాయి. పట్టపగలు, ఎండ పడుతున్న గదిలో, నేను అటువైపు చూడకుండా ఆడేదాన్ని. మా ఆయన ఆట మానేసి పెరట్లో బార్బెక్యూ పొయ్యి దగ్గర నిలబడేవారు. నాన్న మనసు పాడవుతోంది, ఆ కుర్చీ గరాజ్‌లో పడేద్దాం అన్నారు నాతో.

ఆ మాట నేనే ఒక ఆట మధ్యలో మెల్లగా మావగారి చెవిన వేశాను. ఆయన కోప్పడలేదు. అప్పుడే నేను పడేసిన ముక్కలు తిప్పి చూపించారు. రాణుల జత. తర్వాత కుర్చీ ముక్కలు తిప్పారు. ఏమీ లేదు, అన్నిట్లోకీ పెద్దది తొమ్మిది.

"మీ అత్తగారు గెలవట్లేదమ్మా, నువ్వు తప్పుకుంటున్నావు," అన్నారు. "భయం లేనివాళ్లని బెదిరించలేం. మంచి ముక్కలుంటే చివరిదాకా కూర్చోవడమే."

అదంతా నా పిరికితనమేనని తేలేసరికి ప్రాణం ఎంత తేలికపడిందో. మళ్లీ పంచారు. నాకు రాజుల జత పడింది. ఆయన తప్పుకున్నారు, నేను కదల్లేదు. గింజ వెనక గింజ పెట్టి, ముక్కలు తిప్పి చూపమని షో అన్నాను. ఆయన కుర్చీ ముక్కలు ఒక్కొక్కటే తిప్పారు. ఏడు. ఏడు. మూడోదాని మీద వేలు పెట్టి కాసేపు ఆగారు. అదీ ఏడే.

నాలుగువందల పాతికలో ఒకటి, రావచ్చు, అని గొణిగాను. ఆయన నా వైపు చూడలేదు. కుర్చీ వైపు కొంచెం వంగి, రోజూ మాట్లాడే గొంతుతోనే, "ఈసారి చూసి ఆడావా?" అని అడిగారు.

జవాబు కోసం ఆగారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఆగాను.

తర్వాత ఆయనే పేక సర్ది, కుర్చీని గోడవారకి జరిపారు. ఆపైన బతికిన నాలుగేళ్లూ మా ఇద్దరికే పంచారు. ఏది ఎన్నిసార్లు జరుగుతుందో లెక్క చెబుతుంది. ఎప్పుడు జరుగుతుందన్నది మాత్రం కాలం తన ముందు బోర్లా పెట్టుకుని కూర్చుంటుంది, తానూ చూడకుండా.