శోకానికి మాటల్లేక

నేను సిద్దిపేట చేరేసరికి అమ్మను తమ్ముడి ఇంటి వాకిట్లో పడుకోబెట్టారు. మా వైపు ఊరికే కన్నీళ్లు కారిస్తే ఏడ్చినట్టు కాదు. పోయినవాళ్లను పేరుపెట్టి పిలుస్తూ, వాళ్ల బతుకంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడవాలి. "శోకం పెట్టి ఏడువు బిడ్డా, నోట్లె మాట లేదా నీకు?" అని పెద్దమ్మ నా భుజం పట్టి ఊపింది.

నోరు తెరిస్తే "అయాం సారీ" అని వచ్చింది. లండన్‌లో ఇన్నేళ్లూ ప్రేమా, కోపమూ, బతిమాలుకోవడమూ అన్నీ ఇంగ్లీషులోనే కానిచ్చిన నోరు మరి. మా ఇంట్లో తెలుగు నడిచేది పొద్దున పాపను బడికి తరిమేటప్పుడే. ఆ నోటిని చెప్పుతో కొట్టాలనిపించింది.

పెద్దమ్మ నన్ను వదిలేసి, పక్కన బిక్కచచ్చి నిలబడ్డ నా కూతురిని ముందుకు లాగింది. "నువ్వన్న పిలువే మీ అమ్మమ్మను."

పాప ఆ చల్లటి చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, లే. ముఖం కడుక్కో. తిను, జల్దీ తిను. లేటైతుంది, లే."

వాకిలంతా గొల్లుమంది. "మంచిగ నేర్పినవే నీ బిడ్డకు!" అని పెద్దమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేర్పానా! రోజూ పొద్దున దాని మీద నేను అరిచే అరుపులవి.

"ఇంకా పిలువు బిడ్డా," అన్నారు చుట్టూ ఉన్న ఆడవాళ్లు. పాప దగ్గర మాటలు అయిపోయాయి. నా వైపు తిరిగి, ఇంకేం అనాలని ఇంగ్లీషులో అడిగింది.

అందరూ నా నోటి వైపే చూశారు. సారీ తప్ప అందులో ఏమీ లేదు.