సత్ప్రసాదం వేళ

ఆదివారం పూజలో ఫాదర్ గారు పవిత్రమైన అప్పం పంచే సత్ప్రసాదం వేళకు బెంచీలన్నీ ఖాళీ అవుతాయి. ఒక్కో వరుసా లేచి, లేవనివాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ పీఠం వైపు లైను కడుతుంది. పదకొండేళ్ళపాటు మా వరుసలో లేవనివాళ్ళం మేమిద్దరమే. నేనూ, నా భార్యా.

మాది జనగామ వైపు పల్లె. తాతల నాటి నుంచీ కథోలిక క్రైస్తవులం. నాకు నాచారంలో మాత్రలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం, ఉప్పల్‌లో అద్దె ఇల్లు. ఆమె అదే కంపెనీ ఆఫీసులో పనిచేసేది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ హిందువుల అమ్మాయి. పెళ్ళి చేసుకుందామనుకున్నాక మా గుడి ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళాను. వేరే మతం అమ్మాయి కాబట్టి బిషప్ గారి అనుమతి కావాలన్నారు. దానికి కాగితాలున్నాయి, కొన్నాళ్ళు ఆగమన్నారు. వాళ్ళింట్లో అప్పటికే వేరే సంబంధం ఖాయం చేసే తొందరలో ఉన్నారు. మేం రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టేశాం.

తరువాతి ఆదివారం ఫాదర్ గారు నన్ను పక్కకు పిలిచి, పెళ్ళిని గుడిలో సరిచేసుకునేదాకా సత్ప్రసాదం తీసుకోకూడదని చెప్పారు. ఆయన నెమ్మదిగానే చెప్పారు. భగ్గుమన్నది నేను.

"నా పెండ్లి పెండ్లి గాదా, ఫాదర్?" అని అడిగి, జవాబు వినకుండా వచ్చేశాను. ఇక ఈ విషయం ఎవరినీ అడిగేది లేదని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. ఊరికి వెళ్తే మా అమ్మ, "చెరువు మీద అలిగితే ఎవలకు నష్టం బిడ్డా?" అనేది. ఆ సామెతలో తర్వాతి ముక్క గుడి గురించి రాస్తూ రాయలేను. తెలిసినవాళ్ళకు తెలుసు.

అలిగాను గానీ పూజ మానలేదు. మానడం నాకు చేతకాలేదు. నా వెంట నా భార్య కూడా వచ్చేది, నేను అడక్కపోయినా. మొదటి ఆదివారం అందరూ లేచి వెళ్తుంటే నా చెవిలో అడిగింది.

"ప్రసాదమాండీ? మనకి పెట్టరా?"

"మనకు పెట్టరు."

"మా గుళ్ళో అయితే ఎవరొచ్చినా పెడతారు," అంది. నవ్వాపుకోవడానికి నేను తల వంచుకుంటే, వెనకాయన నేను ఏడుస్తున్నాననుకుని భుజం తట్టాడు.

పెళ్ళయిన రెండేళ్ళకు ఆ ఫాదర్ గారు బదిలీ అయి వేరే ఆయన వచ్చారు. "ఈయన మంచాయనలా ఉన్నారు, వెళ్ళి మాట్లాడదామండీ. నేను ఏ కాగితం మీదైనా సంతకం పెడతాను," అంది ఆమె. నేను పోదామనలేదు. ఆ తర్వాత ఇంకా ఇద్దరు ఫాదర్లు మారారు. నా అలక మాత్రం బదిలీ కాలేదు.

ఉద్యమం రోజుల్లో, బందు ఉన్న ఒక ఆదివారం మేం గుడికి నడిచి వెళ్తున్నాం. రోడ్డంతా నిర్మానుష్యంగా ఉంది. "మీ వాళ్ళేమో మా వాళ్ళని పొమ్మంటున్నారు. మీ దేవుడేమో దగ్గరికి రమ్మనడం లేదు. నేనెక్కడికి పోవాలండీ?" అని ఆటపట్టించింది. ఇద్దరం నవ్వుకున్నాం. నాలుగడుగులు వేశాక, నవ్వకుండా మళ్ళీ అడిగింది. "ఒక్కసారి వెళ్ళి అడగొచ్చు కదా. మీరు లైను వంక చూస్తూ కూర్చుంటే నేను చూడలేకపోతున్నాను. మీరు లేచి వెళ్ళడం నేనొక్కసారి చూడాలి."

"సూద్దాం తియ్," అన్నాను.

మూడోసారి దవాఖానాలో అడిగింది. డెంగ్యూ. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు. చేతికి సూది, పక్కన సెలైన్. అలాంటి స్థితిలో ఆమెకు ఈ మాట గుర్తొచ్చింది. "ఇంటికెళ్ళగానే నేనే ఫాదర్ గారి దగ్గరికి వెళ్తాను. మీరు రాకపోయినా సరే," అంది.

"ముందుగాల నయం గానియ్. అన్ని ఫికర్లు నీకే కావాలె," అని కసిరాను.

ఆమె ఇంటికి రాలేదు. ఐదు రోజుల్లో అంతా అయిపోయింది. వాళ్ళ పద్ధతిలోనే దహనం చేశాం. మాకు పిల్లల్లేరు. నేను తిరిగొచ్చేసరికి దండెం మీద ఆమె చీర అలాగే ఉంది. దాన్ని తియ్యడానికి చాలా రోజులు పట్టింది.

నెల తిరిగాక మా గుడి ఉపదేశి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పూజకు, ప్రార్థనలకు ఫాదర్ గారికి సాయంగా ఉండే మనిషి, మెత్తనివాడు. టీ తాగి, కాసేపు కూర్చుని, వెళ్ళబోతూ అన్నాడు. "ఇప్పుడిగ అడ్డమేం లేదన్నా. పాపసంకీర్తనం జేస్కుంటే సత్ప్రసాదం తీస్కోవచ్చు."

అతను నా మంచికే చెప్పాడు. కానీ పదకొండేళ్ళలో ఏ తిట్టూ నన్ను అంతగా కోయలేదు. అడ్డమంటే ఆమేనా? ఆమె పోయింది కనుక ఇక లోపలికి రమ్మంటున్నారా? ఆ కోపంతోనే మరో ఆరు నెలలు బెంచీ మీద కూర్చున్నాను. ఇప్పుడు ఒక్కణ్ణే. నా మోకాళ్ళు దాటేవాళ్ళు, "జర జరుగున్రి," అని కూడా అనకుండా జాగ్రత్తగా దాటి వెళ్ళేవాళ్ళు.

ఈస్టర్‌కు ముందొచ్చే తపస్సుకాలంలో ఒక శనివారం సాయంత్రం, తప్పులు చెప్పుకునేవాళ్ళ పాపసంకీర్తనం వినడానికి ఫాదర్ గారు కూర్చుని ఉండగా వెళ్ళాను. మోకరించడం మోకరించడమే పోట్లాటకు దిగాను. "ఆమెను జేస్కున్నందుకు పశ్చాత్తాపపడుమంటే నేను పడను ఫాదర్. ముందే చెప్తున్న."

ఆయన మా మధ్య ఉన్న చెక్క జాలీకి దగ్గరగా వంగారు.

"అది నేనడగలే," అన్నారాయన. "నిన్ను నిద్ర పోనిస్తలేనిదేందో అది చెప్పు."

అప్పుడు చెప్పాను. ఆమె అడిగిందని. మూడుసార్లు అడిగిందని. ఆమెకు లేని పట్టింపు నాకుందని. ఆ చెక్క గూటిలో పెద్దగా ఏడ్చాను, బయట వరుసలో ఉన్నవాళ్ళకు వినబడుతుందని తెలిసి కూడా.

నేను తేరుకున్నాక, "ఫాదర్, అప్పుడే వచ్చి ఉంటే మా పెండ్లి సరిజేస్కోనీకి ఎన్ని రోజులు పట్టేది?" అని అడిగాను. ఆయన చెప్పడానికి ఇష్టపడలేదు. మళ్ళీ అడిగాను.

"ఒక నెల, బాబూ. మహా అంటే రెండు," అన్నారు.

మర్నాడు పూజలో నా వరుస లేచినప్పుడు నేనూ లేచాను. లైనులో నా ముందు ఎవరున్నారో గుర్తు లేదు. ఫాదర్ గారు, "క్రీస్తు శరీరం," అన్నారు. నేను, "ఆమెన్," అన్నాను. నాలుక మీద అప్పం కరిగిపోతుంటే సంతోషం కోసం ఎదురుచూశాను. కొంచెం వచ్చింది కూడా, అబద్ధమెందుకు. వెంటనే వెనక్కి తిరిగి మా బెంచీ వైపు చూశాను.

అక్కడ ఎవరూ లేరు. నేను లేచి వెళ్ళడం ఒక్కసారి చూడాలని ఆమె అడిగింది. లేచి వెళ్ళాను, చూడ్డానికి ఆమె లేకుండా పోయాక.