రెండో కూర్పుకు పేరు

వనపర్తిలో డిగ్రీ చదివే రోజుల్లో నేనూ, పాన్‌గల్ నుంచి వచ్చిన నా రూమ్మేటూ కలిసి ఒక ఆట తయారుచేశాం. మా బావ హైదరాబాదు నుంచి తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం చూసి పుట్టిన బుద్ధి అది. ఒకరు కథ చెప్తూ పోతే మిగతావాళ్లు అందులో దొంగలుగానో, కోట కాపలావాళ్లుగానో మాట్లాడాలి; ఎవరి పని నెగ్గిందో పాచికలు తేలుస్తాయి. నియమాలు జిరాక్స్ తీసి, కుట్టించి, హాస్టల్లో పంచాం.

ఏడాది ఆడాక లోపాలు తెలిశాయి. ముఖ్యంగా అడవి అధ్యాయం. మా పుస్తకంలో పూర్తిగా నా రూమ్మేటు రాసింది అదొక్కటే. మేకల వెంట తిరిగినవాడు కాబట్టి ఒక్క ముల్లునూ వదల్లేదు. నీళ్లు దొరకాలంటే పాచిక, ముల్లు దిగితే పాచిక, ఒక గుట్ట దాటేసరికి అందరికీ ఆవలింతలు. కొత్త ప్రతిలో దాన్ని మొత్తం ఎత్తేసి, వాడికి చదవమని ఇచ్చాను. చదివి, కాగితాలు సర్ది, "అట్ట మీద ఏం రాస్తవ్?" అన్నాడు. అంతే.

ఆ ప్రశ్న మూడు నెలలు నా ప్రాణాలు తోడేసింది. "సవరించిన కూర్పు" అన్నాను.

"సవరించుడు ఏందిరా? మొదటిదంత తప్పులేనా?"

"పోనీ, రెండో కూర్పు."

"గట్లంటే మొదటిది అమ్ముడుపోయి ఒడిసినట్టుంటది. ఊకెనే పంచితిమి గదా."

"కొత్తది" అంటే, వచ్చే ఏడు పాతబడుతుందన్నాడు. మెస్సులో, బస్టాండులో, ఆఖరికి పరీక్ష హాలు గుమ్మంలో కూడా ఇదే పంచాయితీ. జిరాక్స్ షాపు భాయ్ మా గోల భరించలేక, "కొత్త సిలబస్ అని రాయుండ్రి భయ్యా, ఎగబడి తీస్కపోతరు" అన్నాడు. అట్ట లేనిదే ఆయన కుట్టడు, పేరు తేలనిదే వీడు కదలడు. అందరూ పాత పుస్తకంతోనే ఆడుతున్నారు. రెండు మాటల కోసం ఇంత మొండితనమా అని నాకు ఒళ్లు మండిపోయేది.

చివరికి వాణ్ణి అడక్కుండా "సవరించిన కూర్పు" అని రాసిచ్చి కుట్టించేశాను. ఒక ప్రతి తెచ్చి వాడి మంచం మీద పడేసి, "ఇగ నీ పంచాయితీ బంద్" అన్నాను.

వాడు అట్ట వైపు చూడనే లేదు. నేరుగా మధ్య పేజీలు తిప్పాడు, ముందుకీ వెనక్కీ.

"నేను పేరు ఒప్పుకునేదాక జర ఆగకపోతివి. గంతలోపల నీకే అనిపించి, అడవిని మల్ల పెడ్తవనుకున్న" అన్నాడు.

మూడు నెలల్లో నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పైకి మాత్రం, "ఆ ముచ్చట ముందే చెప్పొచ్చు గదరా!" అని వాడి మీదే అరిచాను.