శివపార్వతి పెట్ స్కాన్

పెడనలో శివపార్వతి గురించి చాలా అన్నారు. భయపడి స్కాన్ ఎగ్గొట్టిందన్నారు. చీర మీద యావతో ప్రాణం పోగొట్టుకుందన్నారు. డాక్టర్లు అనవసరంగా స్కాన్ మీద స్కాన్ తీశారన్నది అందరికీ నచ్చిన మాట. ఇవేవీ నిజం కావు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఆమె రేడియేషన్ చేయించుకున్న రెండేళ్లకు నడుం నొప్పి మొదలైంది. విజయవాడలో తీసిన సీటీలో ఏమీ తేలలేదు. ఎంఆర్ఐలో పాతచోట ఒక గట్టిదనం కనిపించింది. అది రేడియేషన్ మచ్చో, తిరగబెట్టిన జబ్బో చెప్పలేమన్నారు. జబ్బే అయినా అక్కడికే పరిమితమైతే పెద్ద ఆపరేషన్‌కు వీలుంది. ఇంకెక్కడికైనా పాకితే లేదు. అది తేల్చడానికి డాక్టర్ రాజ్యశ్రీ పెట్ స్కాన్ రాశారు. జబ్బు కణాలు చక్కెరను ఎక్కువగా పీల్చుకుంటాయి కనుక, అణుధార్మిక పదార్థం కలిపిన చక్కెర ఎక్కిస్తే అవి తెరమీద వెలుగుతాయి. కష్టపడిన కండరాలూ అలాగే వెలుగుతాయి. అందుకే ముందురోజు నుంచి కాయకష్టం వద్దని చెప్పి పంపారు.

మొగుడూపెళ్లాలిద్దరూ నేసే ఆ ఇంట్లో ఒకరు మొదలుపెట్టిన చీరను మరొకరు ముగించరు. చెయ్యి మారితే నేత బిగువు మారి గీత పడుతుంది. ఆపరేషన్ అంటే ఎన్నాళ్లో తెలియదు. స్కాన్ రోజు తెల్లవారుజామున ఆమె గుంట మగ్గంలో కూర్చుని, మిగిలిన చీర నేసి, కోసి, బస్సెక్కింది.

తొడల నుంచి నడుం దాకా కండరాలన్నీ వెలిగి స్కాన్ పాడైంది.

“కష్టం చెయ్యొద్దన్నాం కదమ్మా!” అన్నాడు టెక్నీషియన్ భానుచందర్.

“ఏం చేశానండీ? కూర్చునే ఉన్నాగా. నేతేగా నేసింది!”

“కాళ్లతో తొక్కలేదూ?”

“తొక్కకపోతే మగ్గం నా మొహం చూసి నేస్తదా బాబూ?”

భర్త చౌడయ్య తల పట్టుకున్నాడు. “ఇన్నేళ్లూ కష్టపడి చస్తన్నానని నన్ను సాధించావు. ఇవాళేమో అది కష్టమే కాదంటన్నావు!”

వారం తర్వాత మళ్లీ తీశారు. ఈసారి కండరాలు వెలగలేదు. పాతచోటు వెలిగింది, వెన్నెముక వెంట ఉన్న లింఫు గ్రంథులూ, మెడ దగ్గర ఒకటీ వెలిగాయి.

“ఆపరేషన్ ఎప్పుడండీ?” అన్నాడు చౌడయ్య.

రాజ్యశ్రీ తెరమీద మెడ దగ్గరి వెలుగును చూపించారు.

“లేదనేగా డాక్టరమ్మా?” అంది శివపార్వతి.

“లేదమ్మా. మందులతో కొన్నాళ్లు లాగగలం. నయం చెయ్యలేం.”

“ఆ వారం పోకుండా ఉంటేనండీ?” అన్నాడు చౌడయ్య.

“వారంలో మెడదాకా పాకదండీ. సీటీ తీసేనాటికే ఉండుంటుంది. గ్రంథులు వాస్తేగాని అందులో తెలియదు.”

వానలు పడకముందే ఆమె పోయింది.

నేతను కష్టంగా లెక్కించకపోవడం ఆమె పొరపాటు. దానివల్ల ఒక స్కాన్ పాడైంది, అంతే, ప్రాణం పోలేదు. డాక్టర్లు రాసిన పరీక్షలన్నీ శివపార్వతి చేయించుకుంది, పాడైనదాన్ని మళ్లీ చేయించుకుంది, జవాబును తానే అడిగి విన్నది. ఆ జవాబు సరైనదే. ఆమెకు మాత్రం ఎందుకూ కొరగాలేదు.