పాట ఎత్తుకునే నోరు

ఆలూరు చర్చిలో ఆడవాళ్ళ వరసలో పాట ఎత్తుకునేది సరోజమ్మే. ఆమె మొదలుపెట్టాకే మిగతావాళ్ళు గొంతు కలపాలి. పక్కన నిలబడేది తోడికోడలు ప్రేమజ్యోతి. వారమంతా మొయినాబాద్ గులాబీ తోటలో పూలు కోసే ప్రేమజ్యోతికి ఆదివారం వస్తే కడుపు మండేది. తన గొంతేం తక్కువ? అక్క కన్నా పదేళ్ళు చిన్నది కూడా. అయినా పన్నెండేళ్ళుగా ఇదే తంతు.

అందుకే పాడుతున్నంతసేపూ సరోజమ్మ నోటినే చూసేది. ఎక్కడ తడబడుతుందా, ఎక్కడ ఊపిరి తెగుతుందా అని. అంత శ్రద్ధగా బైబిలు చదివి ఉంటే ఎప్పుడో బాగుపడేది.

క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్నప్పుడు సరోజమ్మ ఎడమ దవడ కింద చిన్న ఉబ్బు కనిపించింది. కట్టుకున్న మొగుడి కంట కూడా పడనిది ఈమె కంటపడింది. ప్రేమజ్యోతి పెదవి విప్పలేదు. పంటి వాపులే అనుకుంది గానీ, ఆ నోరు కొన్నాళ్ళు మూతపడితే బాగుండునని లోపల ఆశ.

ఈస్టర్ నాటికి ఉబ్బు నిమ్మకాయంత అయింది. సరోజమ్మ లవంగ నూనె రాసింది, పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనె రాసింది, కొంగు కప్పుకుని పాడింది. నొప్పి లేదు గనక దవాఖాన మాటెత్తలేదు. ఒక ఆదివారం నోరు సరిగా తెరుచుకోక పాట మధ్యలో ఆగిపోయింది. ప్రేమజ్యోతికి పట్టరాని సంతోషమైంది. ఆ వెంటనే తన సంతోషానికి తనకే భయం వేసింది. మర్నాడు తోట పని మానేసి అక్కను పళ్ళ దవాఖానకు తీసుకుపోయింది.

ఎక్స్‌రే తీశారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత డాక్టర్ అరుణశ్రీ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"క్యాన్సర్ కాదమ్మా, భయపడకండి. చాలా అరుదుగా వచ్చే గడ్డ. కానీ లోపల ఎముకను తినేస్తున్నది. అంతమేర దవడ తీసేసి, కాలి ఎముక ముక్క పెట్టి ప్లేటు బిగించాలి. ఎన్ని రోజుల నుంచి ఉన్నది?"

"ఒక నెల అయితుందేమో," అంది సరోజమ్మ.

"కాదు మేడం, క్రిస్మస్ ముందట నుంచే ఉన్నది," అని ప్రేమజ్యోతి నోరు జారింది.

సరోజమ్మ మెల్లగా తిరిగి చూసింది. "నీకెట్ల ఎరుక?"

ప్రేమజ్యోతి ఎక్స్‌రే వైపు చూపు తిప్పుకుంది. అప్పుడే వచ్చి ఉంటే ఇంత కోయాల్సి వచ్చేది కాదంది డాక్టర్. తిరుగు బస్సులో చేవెళ్ళ దాకా సరోజమ్మ కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. ఆ గొంతు పోనీయొద్దు దేవా అని బయట ప్రేమజ్యోతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మూడో రోజు ఊరంతా పండ్లు పట్టుకుని అక్కను చూడటానికి వస్తుంటే, తనకు డెంగీ వచ్చినప్పుడు ఎవరొచ్చారని మళ్ళీ మండిపడింది కూడా.

ఐదు వారాలకు సరోజమ్మ చర్చికొచ్చింది. నోరింకా తెరవకూడదు. పాటల పుస్తకం తీసి ప్రేమజ్యోతి ఒళ్ళో పెట్టింది. ప్రేమజ్యోతి లేచి పాట ఎత్తుకుంది. పన్నెండేళ్ళ కోరిక, ఒక్క చోట కూడా తడబడలేదు.

ఆరాధన అయ్యాక ముసలి అంతమ్మ వచ్చి చేతులు పట్టుకుంది. "కండ్లు మూసుకుంటే అచ్చం సరోజ పాడినట్లే ఉన్నది బిడ్డా!"

ప్రేమజ్యోతి మొహం మాడిపోయింది. సరోజమ్మ ఒక కాగితం మీద ఏదో రాసి అందించింది.

"ఇన్నేండ్లు నా నోరే చూస్తివి, మంచిగనే నేర్చుకున్నవ్. ఇంకోసారి ఏమన్న కనపడితే జర చెప్పు చెల్లె."