నానబెట్టిన మేత

మా ప్రయోగశాలలో చిట్టెలుకలను చూసుకునే ఆయన్ని అందరం ఎలుకల బాబాయి అంటాం. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బోనులు కడగడం, రంపంపొట్టు మార్చడం, పొద్దున్నే ఒక్కొక్కదాన్నీ కాటాలో పెట్టి బరువు చెప్పడం. రాసుకోవడం నా వంతు. కాస్త ఆలస్యమైతే చాలు, "ఏమ్మా, ఎలుకలన్నీ ఎప్పుడో వచ్చేశాయి, నువ్వే రాలేదు" అనేవాడు. మాటల్లో ఆయన మీద నెగ్గిన వాళ్ళు లేరు.

మా పనంతా ఒక చెట్టు బెరడులోంచి తీసిన మందు మీద. కణితిని కరిగిస్తుంది కానీ మనిషిని పీల్చి పిప్పి చేస్తుంది. కణితిని చేరేదాకా అది పనిచేయకుండా ఉండేలా, ప్రయోగశాల నడిపే మేడం అందులో ఒక మార్పు చేశారు. ఇక కణితులున్న ఎలుకల్లో సగానికి పాతది, సగానికి కొత్తది ఇచ్చి చూడాలి. కొత్త మందు తీసుకున్నవి చిక్కిపోకుండా ఉంటే, మనుషుల మీద పరీక్షకు అనుమతి అడగొచ్చు. ఏ బోనుకు ఏ మందో మేడం సొరుగులోని కాగితంలో తప్ప ఎక్కడా ఉండదు. బాబాయికి మాత్రం వారానికే తెలిసిపోయింది. బొచ్చు రేగి మూల ముడుచుకున్నవి పాత మందువి.

ఆయనకు తెలియక ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో అక్కకు ఇస్తున్నది ఆ పాత మందే. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆ అక్కే. ఇప్పుడు అరికాళ్ళు మొద్దుబారి గోడ పట్టుకుని నడుస్తోంది. నోరంతా పూసి, మంచినీళ్ళు తాగినా మంటే. "మీ మేడం మందు ఎప్పుడొస్తుందిరా? మొదటి పేరు నాదే రాయించు" అని రోజూ అడిగేదట. ఆ మాట నాకు చెప్పి, నేనేదో దేవుణ్ణయినట్టు మొహంలోకి చూసేవాడు. నాకు చిరాకేసేది. నా చేతిలో ఏముంది?

ఆరో వారం కాగితం తీశాం. రెండు గుంపుల బరువుల్లో తేడా లేదు. మేడం రెండుసార్లు లెక్క చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"మన మందు పాతదాని కంటే మేలేం కాదు," అన్నారు. ఏడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరయింది.

గుమ్మంలో నిలబడ్డ బాబాయి మొహంలో నెత్తురు లేదు.

"మందు తప్పు కాదు మేడం. చిక్కిపోతున్న పాత మందు వాటికి రోజూ మేత నానబెట్టి పెట్టాను. గట్టిది కొరకలేకపోతున్నాయి. చూడలేకపోయాను."

"ఇన్నేళ్ళ అనుభవం ఇదేనా బాబాయ్!" అని అరిచాను. మాటకు మాట అనే మనిషి తల దించుకున్నాడు. మేడం మాత్రం తిట్టలేదు. మళ్ళీ మొదటి నుంచి చేయాలని, ఎనిమిది నెలలు పడుతుందని చెప్పి లేచి వెళ్ళారు.

అక్కతో చెప్పడానికి తనకు నోరు రాదని బాబాయి నన్ను తన ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమె తలకు గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. జరిగినదంతా చెప్పాను. ముందు నవ్వింది.

"చిన్నప్పటి నుంచీ వీడింతేనమ్మా. జాలెక్కువ."

"ఎనిమిది నెలలు ఓర్చుకో అక్కా," అన్నాడు ఆయన.

ఆమె నా వైపు తిరిగింది. "ఈసారి వాటినెవరు చూస్తారు?"

"బాబాయే. వేరే ఎవరికీ చేతకాదు."

"అయితే ఒరేయ్, ఎంత చిక్కినా వాటికేం పెట్టకు. నా మీద ఒట్టు."

కొత్త ఎలుకలు వచ్చిన మూడో వారంలో ఆమె పోయింది. కొన్నాళ్ళకు బాబాయి పనిలోకి వచ్చాడు. ఓ బోనులో ఒక ఎలుక లేవలేకుండా ఉంది. బొచ్చంతా రేగిపోయింది. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కాటాలో పెట్టాడు.

"పదహారున్నర గ్రాములు. రాసుకోమ్మా," అన్నాడు.

మళ్ళీ బోనులో దించి, దాని ముందు గట్టి మేతే వేశాడు. నేను రాసుకున్నాను.