గిటార్ సారు వెతికిన పాట

కిందటి వారం ఆఫీసుకు పోతూ బస్సులో ఉండగా మా గిటార్ సారు భార్య, ఆంటీ, ఫోన్ చేసింది. "బిడ్డా, మీ సారు ప్రభువు దగ్గరికి పోయిండు. చాయ్ పెట్టమన్నడు. పెట్టి తెచ్చేసరికి లేడు. జెర వస్తవా?" అంది. ఫోన్ పెట్టేశాక సీటు ఉన్నా కూర్చోలేకపోయాను. కాప్రా నుంచి బోయిగూడ దాకా కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాను.

సారు మాకు గిటార్ నేర్పిన మనిషి. గుంటూరు వైపు వారు. ఇంట్లో అంతా బడిపంతుళ్ళు, ఈయన ఒక్కరే గిటార్ పట్టుకుని మద్రాసు వెళ్ళి సినిమా పాటలకు వాయించేవారు. కీబోర్డులు వచ్చి అక్కడ పని తగ్గాక, అత్తగారి ఊరైన సికింద్రాబాద్ చేరి బోయిగూడలో పాఠాలు మొదలుపెట్టారు. కుదురు అన్నది ఆయన జాతకంలో లేదు. అన్నం కంచం చేత పట్టుకుని కాలు కాలిన పిల్లిలా గదంతా తిరుగుతూ తినేవారు. పాఠం మధ్యలో వీధిలోకి వెళ్ళిపోయి, కిటికీ అవతల నుంచి "మూడో తీగ శ్రుతి చూసుకోమ్మా" అనేవారు. ఆయన చుట్టూ తల తిప్పుతూ నేర్చుకోవడం వల్ల నాకు గిటార్ కన్నా ముందు మెడనొప్పి వచ్చింది.

మీరూ వినే ఉంటారు. పాత సినిమాలో క్లబ్బు సీను. రంగు దీపాలు, పొగ, మధ్యలో విలన్. వెనక మెత్తగా ఒక గిటార్, గింజలు గలగలలాడుతున్నట్టు చిన్న చప్పుడు. అది బ్రెజిల్ వాళ్ళ బోసా నోవా అని సారు చెప్పేదాకా నాకు తెలియదు. సంగీత దర్శకుడు ఎక్కడిదో ఒక రికార్డు తెచ్చి వినిపించి "ఇలాంటిది కావాలి" అనేవారట. వీళ్ళు రెండుసార్లు విని వాయించేసేవారట.

"సాంబా అంటే వీధిలో ఊరేగింపమ్మా. ఆ ఊరేగింపే ఇంటికొచ్చి, పిల్లలు పడుకున్నారని గొంతు తగ్గించుకుంటే బోసా నోవా" అనేవారు సారు. ఆ వెంటనే కోపం వచ్చేది. "సముద్రం ఒడ్డున కూర్చుని పాడుకునే పాట అది. మనవాళ్ళు విలన్ గాడు గ్లాసులో మంచుముక్క వేసుకోడానికి వాడారు."

ఎక్కడైనా పాత సినిమా ఆడుతోందంటే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరేవారు. పాట మొదలవగానే కళ్ళు మూసుకోమనేవారు.

"టికెట్ కొన్నది కళ్ళు మూసుకోనికా సార్?" అన్నాను ఒకసారి, హీరోయిన్ చీర చూడలేదన్న కడుపుమంటతో.

"కళ్ళు తెరిస్తే చెవులు పని మానేస్తాయమ్మా."

మంచి మాటే, ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ పాటలన్నీ అయిపోగానే ఆయన లేచిపోయేవారు. వరసలో అందరి మోకాళ్ళూ తగిలించుకుంటూ, తిట్లు తింటూ వెనకే నేను. బయటికొచ్చాక ముఖం వాడిపోయి ఉండేది. "పదమ్మా, మన పని అయింది" అనేవారు. ఆ సినిమాల్లో ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఆయనకు చాదస్తం అనుకున్నాను.

సమాధి చేసి వచ్చాక ఆంటీ చెప్పింది అసలు సంగతి.

"మద్రాసుల ఒకనాడు, తిండి టైముల, ఈయన ఊకె కూసోక ఆ బ్రెజిల్ పాట లెక్క వాయిస్తుండంట. మ్యూజిక్ డైరెక్టర్ ఇని, వయొలిన్లోళ్ళందరిని బయట కూసోమన్నడు. పాడే అమ్మ, ఈయన గిటారు, అంతే. క్లబ్బు పాట గాదు బిడ్డా, జోలపాట. అయినంక ఆ అమ్మ ఈయనకు దండం పెట్టిందంట. గా పాట కోసమే తిరిగిండు."

"సినిమా పేరు అడగలేదా ఆంటీ?"

"వాయించెటోళ్ళకు పేరెవరు చెప్తరు? పేరు పెట్టకముందే పాటలు తీస్తుండ్రి. వచ్చిందో, మధ్యల ఆగిపోయిందో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఉత్తగనే 'గిది మీరే సార్' అని సంబురపెడ్తరని."

ఏడుపు ఆగలేదు నాకు. సారు పోయారని ఏడ్చిన ఏడుపు వేరు. ఇన్నేళ్ళు ఆయన పక్కన కూర్చుని, ఏం వెతుకుతున్నారో తెలియకుండా చీరల కోసం అలిగిన దాన్ని తలచుకుని వచ్చిన ఏడుపు ఇది. ఆ రోజు నుంచి నాకు నిలకడ లేదు. చాయ్ కొట్టు రేడియోలో పాత పాట వస్తే కాలు ఆగిపోతోంది. ఆటోలో వస్తే దిగే చోటు దాటిపోతోంది.

నిన్న మధ్యాహ్నం ఆంటీని చూడ్డానికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని, టీవీలో ఏదో నలుపు తెలుపు సినిమా చూస్తోంది. తెర మీద ఒక తల్లి ఉయ్యాల ఊపుతోంది. ఆమె గొంతు కింద గిటార్, వేళ్ళతో మీటిన గిటార్, అచ్చంగా ఆ బ్రెజిల్ నడకే. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

"ఆయనేనా?"

కళ్ళు మూసుకున్నాను. మాకు తాళం తప్పొద్దని చెప్పే సారు, తాను వాయించేటప్పుడు మాత్రం బొటనవేలు వెంట్రుకవాసి ముందే వేసేవారు. ఆ వేలికీ ఓపిక లేదు. ఈ వాయించే మనిషి బొటనవేలు నిమ్మళంగా, సరిగ్గా తాళం మీద పడుతోంది. ఔనంటే ఏం పోయింది? ఆవిడకింత నెమ్మది. నోటిదాకా వచ్చింది ఆ మాట.

"కాదు ఆంటీ," అన్నాను.

ఆవిడ ముఖం చూడడానికి భయమేసింది. చూశాను. నేననుకున్న బాధ అక్కడ లేదు. గట్టిగా ఊపిరి తీసుకుని, నా చెయ్యి వదిలి రిమోట్ అందుకుంది.

"మంచిగైంది తియ్. గిప్పుడే దొరికితే రేపటి సంది నేనేం జెయ్యాలె?"

ఛానల్ మార్చింది. ఇంకో పాత సినిమా, పేర్లు పడుతున్నాయి. ఆంటీ మంచం మీద కొంచెం జరిగి, తన పక్కన నాకు చోటు చేసింది.